గేటు పాసు అక్కర్లేని అటెండెంటు

సికింద్రాబాద్‌లో కీటకాలకు గొప్ప చరిత్రే ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా పరాన్నజీవి జాడ పట్టుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన దోమకు అణా చొప్పున లెక్కగట్టి ఇచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అణాలు దక్కాయి. దోమకు ఫాగింగ్ పొగే సన్మానం.

అలాంటి ఊళ్లో బొద్దింకకు కడుపు మండదా? దోమలా ఒంట్లో పరాన్నజీవిని పెంచి పెద్దచేసే ఓపిక దానికి లేదు. అది ఉత్త హమాలీ. కింద గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాసు లేదని పేషెంటు తమ్ముణ్ని ఆపేస్తాడు. పైన వార్డులో బొద్దింక బాత్రూం జాలీలోంచి వచ్చి, మంచం కింద టిఫిన్ డబ్బాలో మిగిలిన పులిహోర రుచి చూసి, మూతలేని మంచినీళ్ల గ్లాసు అంచున కాసేపు మీసాలాడించి, డ్రెస్సింగ్ ట్రాలీ ఎక్కుతుంది. కాళ్ల ముళ్లకు అంటుకున్నది కొంత, కడుపులోంచి పడేది కొంత అక్కడ దించుతుంది. కూలి కూడా అడగదు.

ఆస్పత్రుల్లో బొద్దింకలను పట్టి చూసినవాళ్లకు పలు దేశాల్లో కాండిడా, ఆస్పర్‌జిల్లస్ ఫంగస్‌లు దొరికాయి. మందులకు లొంగనివీ వాటిలో ఉన్నాయి. కాకపోతే ఫలానా రోగికి ఫలానా బొద్దింకే అంటించిందని తేల్చడం కష్టం. కడగని చేతులు అంతకంటే పెద్ద ముద్దాయిలు. వకీలే ఉంటే ఈ ఒక్క పాయింటు మీద బొద్దింకకు బెయిలు తెచ్చేవాడు.

ఈ కాండిడాల్లోనే ఆస్పత్రులను వణికిస్తున్న సరుకు కాండిడా ఆరిస్. 2009లో జపాన్‌లో ఒక పెద్దావిడ చెవిలో బయటపడిందని లోకానికి చెప్పారు. మంచం కమ్మీల మీద వారాల తరబడి బతుకుతుంది. ఫంగస్ మందు ఫ్లూకొనజోల్‌ను చాలామటుకు లెక్కచేయదు. మామూలు క్రిమిసంహారకాల్లో కొన్నిటికి చావదు, క్లోరిన్ ఉన్నది పడాలి. మన వార్డుల్లోనేమో ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టే. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆరిస్‌ను అత్యంత ప్రాధాన్యమున్న ఫంగస్‌ల వరసలో చేర్చింది.

ఫంగస్ తెలంగాణకు కొత్తేం కాదు. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌కు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని నోడల్ కేంద్రం చేసినప్పుడు, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం కాళ్లరిగేలా తిరిగారు. ఆ పాపం బొద్దింకది కాదు లెండి.

మరుసటేడు మార్చిలో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికాయి. సూపరింటెండెంటును బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుక కొరికితే గాటు కనబడుతుంది, టీవీలో చూపించొచ్చు. ఫంగస్ మోసే బొద్దింక గాటు పెట్టదు, ఫొటోకు ఆగదు. దాని మీద ఫైలెవరు తెరుస్తారు?

చుట్టాన్ని చూడబోయేవాళ్లు డబ్బాకు మూత పెట్టి రండి. మంచం కమ్మీ పట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. బాత్రూం జాలీ సంగతి సూపరింటెండెంటు గారు చూసుకోవాలి.