పన్నెండు మంది కూలీలు కావలెను

నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి మార్కులతో చేరిన పల్లె పిల్లలు ఆరేళ్లు సర్క్యూట్లు, కోడింగు, ప్రాజెక్టులు నమిలి మింగుతారు. తీరా కొలువుల వేళకు ఆప్టిట్యూడ్ పరీక్ష అడిగేది ఇదీ: 120 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో 180 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఎన్ని సెకన్లలో దాటును? ఇరవై. పోనీ ఓసారి నిజం రైలును చూసి సరిపోల్చుకుందామా అంటే ఊళ్లో పట్టాలే లేవు. నూజివీడు పేరు పెట్టుకున్న స్టేషన్ హనుమాన్ జంక్షన్ దగ్గరుంది!

తర్వాత లాభనష్టాలు. పది రూపాయలకు ఆరు మామిడికాయలు కొని, అదే పదికి నాలుగు అమ్మిన వ్యాపారికి లాభం 50 శాతం. ఈ లెక్కలో కాయలు కాయించినవాడు ఎక్కడా కనపడడు. కనపడితే గాలివాన, పురుగుమందు, కమీషన్, తరుగు అన్నీ రాయాలి, ప్రశ్న పేజీ దాటుతుంది. నిమిషంలో తేలదు. అసలు రసాల రైతుకు ఏటా వచ్చే జవాబు ‘పైవేవీ కావు’.

ఇక కాలము–పని. ఎనిమిది మంది ఆరు రోజుల్లో చేసే పనిని పన్నెండు మంది నాలుగు రోజుల్లో ముగిస్తారట. కోతల రోజుల్లో ఆ పన్నెండు మందిని ఎక్కడ పట్టుకోవాలో ఏ కోచింగ్ పుస్తకమూ చెప్పదు. దొరికిన కూలీల పిల్లలు ట్రిపుల్ ఐటీ లోపల కూర్చుని ఈ లెక్కే చేస్తుంటారు మరి.