శనివారం నడకకు టీకా తాత్పర్యం

మూలం:

"రేపు పొద్దున్న 5.30 కల్లా కాళీమాత గుడి దగ్గర. 8 కిలోమీటర్లు, పక్కా. లేటొస్తే టిఫిన్ వాడిదే. వచ్చేటప్పుడు చిన్న చిన్న పనులుంటే చూసుకుందాం. ఆదివారం రెస్ట్. అందర్నీ డబ్బులు అడగడం మర్చిపోకండి."

అవతారిక

మెదక్ వైపు కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు మేమూ పెట్టుకుంటున్నాం. రెండోది కూడా పెట్టుకుంటే వ్యాఖ్య ఇక్కడితో సమాప్తం.

పై మూలం విశాఖపట్నంలో ఒకానొక శుక్రవారం, ఊరంతా పడుకున్నాక వాట్సాప్‌లో వెలువడింది. ఏ శాస్త్రం మొదలెట్టినా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందే చెప్పుకోవాలి. విషయం: బీచ్ రోడ్డులో జరగబోయే పది కిలోమీటర్ల నడకకి సాధన. ప్రయోజనం: తలసీమియా పిల్లల వైద్యం చూసే సంస్థకి నిధులు. ఆ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, అది దిగడానికి మళ్ళీ మందులు. ఇందులో పరిహాసానికి చోటు లేదు. సంబంధం: ఇంటర్‌లో ఒకే బెంచీ. అధికారి: నలభై దాటి, లిఫ్టు ఆగిపోతే కిందనుంచే ఫోన్ చేసి "నువ్వే దిగిరా" అనే నలుగురు మిత్రులు. పరిహాసానికి చోటంతా ఇక్కడే ఉంది. ఆ నలుగురిలో వ్యాఖ్యాత కూడా ఒకడా అన్నది మూలంలో లేదు కనుక, మొదటి ఒట్టు ప్రకారం రాయడం లేదు.

"5.30 కల్లా"

ఈ వేళ పెట్టడంలో మూలకర్త లోకజ్ఞానం కనిపిస్తుంది. పొద్దున్న పూట బీచ్ రోడ్డులో కొంత మేర బళ్ళని రానివ్వరు. పైగా మనది తూర్పు తీరం. ఏడు దాటాక సూర్యుడు ఎదురుగా ముఖం మీదే ఉంటాడు, సముద్రపు ఉక్కపోత సరేసరి. ఇన్ని తెలిసిన మూలకర్త అలారం మాత్రం 5.30కే పెట్టుకున్నాడు. "కల్లా" అంటే ఆ వేళకి చేరడమా, లేవడమా అనే సందేహానికి ఆయన ఆచరణే సమాధానం.

"కాళీమాత గుడి దగ్గర"

ఒకడు గుడి మెట్ల దగ్గర, ఒకడు కురుసుర సబ్‌మెరైన్ దగ్గర, ఒకడు టీ బండి దగ్గర నిలబడి, ముగ్గురూ "దగ్గరే ఉన్నాను" అని ఫోన్లు చేసుకున్నారు. ముగ్గురి మాటా నిజమే. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, ముప్పై ఏళ్ళకి పైగా కొలువు చేసి, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా విశ్రాంతి తీసుకుంటోంది. ఇంకా దాదాపు ఇరవయ్యేళ్ళ సర్వీసున్న బ్యాంకు మిత్రుడు నడక మొదలవకముందే దాని గోడని ఆనుకుని ఆయాసపడటం చూసినవాళ్ళున్నారు.

నాలుగోవాడు ఏడీ? శాస్త్రాల్లో ఉదాహరణకి ఎవరు కావలసినా దేవదత్తుణ్ణే పిలుస్తారు. మేమూ అదే పేరు వాడుకుంటాం. దేవదత్తుడు "ఐదు నిమిషాల్లో" ఉన్నాడు.

"8 కిలోమీటర్లు, పక్కా"

మీమాంసకులు వాక్యాలని విధి అనీ, అర్థవాదం అనీ విడదీస్తారు. విధి చేసి తీరవలసినది. అర్థవాదం ఉత్సాహం కోసం చెప్పే పొగడ్త. "8 కిలోమీటర్లు" విధి, "పక్కా" అర్థవాదం అని పూర్వ వ్యాఖ్యాతలు అంటారు. రెండూ అర్థవాదాలేనని మా మతం.

తెన్నేటి పార్కు వైపు నడవాలని సంకల్పం. 2020 అక్టోబరులో వాయుగుండానికి ఒక బంగ్లాదేశ్ సరుకుల ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున చిక్కుకుపోయింది అక్కడే. దేవదత్తుడు దానికి చాలా ఇవతలే, సిమెంటు బెంచీ మీద ఆ ఓడలాగే చిక్కుకుపోయి ఒక పక్కకి ఒరిగాడు. ఓడకి కనీసం గాలివాన వంక ఉంది.

ఎంత నడిచారన్నది తేలలేదు. ఫోను ఒక లెక్క చెప్పింది, వాచీ ఇంకో లెక్క చెప్పింది. ఒకటి అడుగులు లెక్కపెట్టి దూరాన్ని ఊహిస్తుంది, ఇంకోటి ఉపగ్రహాన్ని అడుగుతుంది. ప్రమాణాలు రెండూ విరోధించినప్పుడు ఏది ఎక్కువ చూపిస్తే అదే బలీయమని సభ తీర్మానించింది. రోజుకి పదివేల అడుగులు వేయాలన్న నియమానికి మూలమేమిటని బ్యాంకు మిత్రుడు అడిగాడు. శ్రుతి కాదు, స్మృతి కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగుల మీటరు పేరులో ఆ అంకె ఉంది, అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. ఇది విని దేవదత్తుడు మనశ్శాంతితో మళ్ళీ ఒరిగాడు.

"లేటొస్తే టిఫిన్ వాడిదే"

మూలంలో అందరూ మనసు పెట్టి చదివిన వాక్యం ఇదొక్కటే. టిఫిన్ ఖర్చు వాడిది అని మూలకర్త ఉద్దేశం. ఆలస్యంగా వచ్చిన దేవదత్తుడు మాత్రం వాక్యంలో ఖర్చు మాటే లేదనీ, టిఫిన్ వాడిది అంటే తినే హక్కు వాడిదనీ అన్వయించాడు. వ్యాకరణం ఆయన పక్షాన ఉంది. బిల్లు మూలకర్త పక్షాన వచ్చింది.

లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడు అంటే రాత్రి తింటాడని తెలుసుకోవడాన్ని అర్థాపత్తి అంటారు. మా దేవదత్తుడి విషయంలో అంత తర్కం అక్కర్లేదు. ఆయన పగలే, అందరి ఎదుటా, అల్లం పచ్చడిలో పెసరట్టు ముంచి, దాని కడుపులోంచి జారిన ఉప్మాని వేలితో వెనక్కి తోసి తిన్నాడు. తర్వాత, "పూరీలు వేడిగా ఉన్నాయా?" అని అడిగాడు. డెబ్భై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 50 కేలరీలు. ఈ సంగతి బల్ల దగ్గర ఎత్తిన బ్యాంకు మిత్రుడికి రెండో కాఫీ ఎవరూ చెప్పలేదు.

"చిన్న చిన్న పనులుంటే"

ఇది మూలానికి ఆయువుపట్టు. "చిన్న" రెండుసార్లు రావడం పనుల అల్పత్వాన్ని చెబుతుందని మగవాళ్ళు, పనుల సంఖ్యని చెబుతుందని ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకున్నారు. "ఉంటే" అన్న సందేహానికి ఆస్కారమే లేదు. నలుగురి ఫోన్లలోనూ జాబితాలు అప్పటికే వచ్చి ఉన్నాయి.

ముందు ఎంవీపీ కాలనీ రైతుబజారు. 1999లో రైతుబజార్లు మొదలైన నాటినుంచి అక్కడ బేరం లేదు, రేటు బోర్డు మీద రాసే ఉంటుంది. అయినా మూలకర్త ప్రతి దుకాణం దగ్గరా ఆగి రేటు అడిగాడు, బోర్డు చూసుకున్నాడు, మళ్ళీ మొదటి దుకాణానికి వచ్చాడు. వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, తొడిమ దగ్గర పుచ్చు ఉంటే పక్కన పెట్టి, కిలో ఏరేసరికి పక్కవాళ్ళు సంచులు కట్టుకుని వెళ్ళిపోయారు. ఇంటికి ఫోన్ చేస్తే కావలసినవి పొడుగు వంకాయలని తెలిసింది.

తర్వాత మిక్సీ రిపేరు షాపు. జారు బాగైంది, మూత ఇంట్లో ఉండిపోయింది, మూత లేకుండా చూపించలేనన్నాడు షాపతను. ఆ తర్వాత టైలరు. జాకెట్లు "సాయంత్రానికి" అన్నాడు. ఏ రోజు సాయంత్రమన్నది అధ్యాహారం చేసుకోవాలి. ఇస్త్రీ బండి, మందుల షాపు, బండికి గాలి. వీటికి వ్యాఖ్య అక్కర్లేదు.

బూట్ల సంగతికి మాత్రం కావాలి. జగదాంబ దగ్గర షాపులో బ్యాంకు మిత్రుడు పొద్దున్నే బూట్లు కొనబోయాడు. సాయంత్రం కొనాలని అంటారు. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయిన బూటే నడకలో కరవదు. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. ఇదంతా షాపులో కుర్రాడు చెబుతుంటే వినకుండా రంగు చూసి కొని, అవే తొడుక్కున్నాడు. బొబ్బ సంగతి ఆదివారం ఘట్టంలో వస్తుంది.

ఇక అన్వయం. నడక ప్రధానం, పనులు దానికి అంగాలు అని మూలకర్త వాక్యనిర్మాణం. ఫలం మాత్రం ఇంకోలా పడింది. పొద్దున బీచ్‌లో పూర్తికాని పదివేల అడుగులు రైతుబజారుకీ టైలరుకీ మిక్సీకీ మధ్య ఎక్కడో పూర్తయ్యాయి. మూలకర్త రెండు చేతుల్లో సంచులతో, వేళ్ళు కోసుకుపోతూ నిలబడి ఉన్నప్పుడు జేబులో ఫోను కొట్టుకుంది. చేతులు ఖాళీ లేక చూడలేదు. కనుక నడకే పనులకి అంగమనీ, పొద్దున్న 5.30 అన్నది ప్రక్షిప్తమనీ మా సిద్ధాంతం.

"ఆదివారం రెస్ట్"

మూలకర్త ఇంట్లో నలుగురూ గోరువెచ్చని ఉప్పునీళ్ళ బకెట్లలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. బ్యాంకు మిత్రుడి మడమ మీద బొబ్బ రూపాయి కాసంత ఉంది. మూలకర్త పెద్దమ్మ అది చూసి, "ఏటర్రా, పది కిలోమీటర్లకే ఇంత హంగామాయేటి?" అంది.

ఆవిడకి అనే అధికారం ఉంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, ఎన్‌ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్ళీ కొండ కిందికి రావాలి. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పంచేవాళ్ళుంటారు. ఆవిడ ఏటా చెప్పుల్లేకుండా నడుస్తుంది. వాచీ కూడా లేదు.

శంక: అభ్యాసం లేకుండా ముప్పై రెండు ఎలా సాధ్యం? సమాధానం: నీళ్ళ బిందెలు, డాబా మీది వడియాలు, పొద్దుటా సాయంత్రం గుడి. అదంతా అభ్యాసమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మానేసేది.

"డబ్బులు అడగడం మర్చిపోకండి"

ఎవరూ మర్చిపోలేదు, అడగడానికి సిగ్గుపడ్డారు. అడిగినచోట, 80జీ రసీదు ఇస్తారా అని ఒక బావగారు, నువ్వు నడిస్తే నేనెందుకివ్వాలని ఒక మావయ్య. దేవదత్తుడి మరదలు ఆయన పది కిలోమీటర్లూ పూర్తిచేస్తే వెయ్యి, చెయ్యకపోతే రెండు వేలు ఇస్తానంది. సంస్థకి ఏది మేలో మేం చెప్పం.

పెద్దమ్మ మాత్రం రసీదు అడగలేదు. ఐదొందలు ఇచ్చి, "డబ్బులు సరే, ఆ గుంటలకి రక్తం ఎవరిస్తన్నారు?" అంది.

నలుగురూ మూలాన్ని మళ్ళీ తెరిచి చదివారు. రక్తం మాట అందులో ఎక్కడా లేదు. ఉండవలసిన మాట మూలంలో లేకపోతే వ్యాఖ్యాత పూరించవచ్చని సంప్రదాయం ఒప్పుకుంటుంది. కాబట్టి పూరిస్తున్నాం: రక్తం ఇచ్చేవాడికి పద్దెనిమిది నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి, మగవాళ్ళు మూడు నెలలకోసారి ఇవ్వచ్చు. రెండో అర్హత చదవగానే అందరూ దేవదత్తుడి వైపు చూశారు. ఆయన చూపు కింది పంక్తి మీదుంది. ఖాళీ కడుపుతో రాకూడదు. ఇచ్చాక ఆ రోజు గట్టి వ్యాయామం చెయ్యకూడదు. ఈ రెండు విధుల్నీ ఆయన బిగ్గరగా చదివించుకుని, వీటిలో అర్థవాదమేదీ లేదు కదా అని వ్యాఖ్యాతని అడిగి ఖాయం చేసుకున్నాడు.

మర్నాటి సోమవారానికి అందరూ సెలవు పెట్టారు. బ్లడ్ బ్యాంకు తెరిచేది తొమ్మిదింటికి. ఎనిమిదికల్లా దేవదత్తుడు టిఫిన్ సెంటర్లో రెండో ప్లేటు దగ్గర ఉన్నాడు. మూలకర్త ఐదు నిమిషాల్లో ఉన్నాడు.