నేతిబీరకాయ పాయింట్లు

బ్రిటన్ రాజకీయాల్లో ఒక విధానానికి దిక్కు తోచనప్పుడు దాని ముందు ‘ఆస్ట్రేలియా తరహా’ అని తగిలించే ఆచారం దాదాపు ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. వలసల లెక్క పెరిగితే ఆస్ట్రేలియా తరహా పాయింట్లు. ఇంగ్లిష్ చానల్‌లో రబ్బరు పడవలు పెరిగితే ఆస్ట్రేలియా తరహా మళ్లింపు. ఐరోపా సమాఖ్యతో బేరం చెడితే ఆస్ట్రేలియా తరహా ఒప్పందం. లండన్ నుంచి సిడ్నీ 17 వేల కిలోమీటర్లు. దూరపు కొండలు నునుపన్న సామెతను వెస్ట్‌మినిస్టర్‌లో ఎవరూ విని ఉండరు గానీ, దాన్ని నమ్ముకుని పార్టీలకు పార్టీలే ఎన్నికలు గెలిచాయి.

ఈ ఆచారంలో మొదటి అంకం పాయింట్లది. ఆస్ట్రేలియాను చూసి బ్రిటన్‌లో పాయింట్ల పద్ధతి పెట్టింది 2008లో, లేబర్ ప్రభుత్వం. అది పేరుకు నడుస్తుండగానే, 2015 ఎన్నికల్లో నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని యూకిప్ పార్టీ ‘ఆస్ట్రేలియా తరహా పాయింట్లు’ కావాలని మేనిఫెస్టోలో రాసుకుంది. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ప్రచారంలో బోరిస్ జాన్సన్, మైకేల్ గోవ్ అదే హామీ ఇచ్చారు. ఆ సెప్టెంబరులోనే కొత్త ప్రధాని థెరిసా మే జీ-20 సమావేశాలకు చైనా వెళ్లి, అర్హత ఉన్నవాళ్లంతా వచ్చేస్తారు కాబట్టి పాయింట్లతో అదుపు రాదని తోసిపుచ్చారు. తర్వాత ప్రధాని అయిన జాన్సన్ తోసిపుచ్చినదాన్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చారు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో రెండోసారి, తొలిసారి అన్నంత ఆర్భాటంగా, పాయింట్ల పద్ధతి మొదలైంది.

అసలు సరుకు ఎలా ఉంటుందో మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వీధుల్లో ఏ తెలుగు ఇంట్లో అడిగినా చెబుతారు. 1979లో మాల్కమ్ ఫ్రేజర్ ప్రభుత్వ కాలంలో మొదలై ఎన్నో మార్పులు చూసిన పట్టిక అది. దరఖాస్తుకు కనీసం 65 పాయింట్లు ఉండాలి. పిలుపు రావాలంటే చాలా వృత్తుల్లో అంతకన్నా బాగా ఎక్కువ కావాలి. 25 నుంచి 32 ఏళ్ల వయసుకు 30 పాయింట్లు. 33వ పుట్టినరోజున కేకుతో పాటు 5 పాయింట్లు కోసేస్తారు. 40 నిండితే మరో 10 పోతాయి. 45 నిండితే మనిషి ఎంత మేధావి అయినా ఈ లెక్కలో చెల్లడు. పెళ్లి కానివారికి 10 పాయింట్లు. వృత్తి అర్హతలూ ఇంగ్లిషూ ఉన్న జీవిత భాగస్వామి ఉంటే కూడా 10. ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే 5. రెండూ లేకపోతే సున్నా. జాతకాలు కుదిరాక పాయింట్లు కూడా కుదిరితేనే ముహూర్తం పెట్టుకోవాలన్న మాట.

తెలుగువాడికి తెలుగు వచ్చని రుజువైతే ఇంకో 5 పాయింట్లు. ‘నాటి’ సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్షలో రెండు సంభాషణలను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి నోటితో అనువదించాలి. 90 మార్కులకు 63 రావాలి. పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడిన ఇంజనీరు, ఇంటి అద్దె డిపాజిట్టు గురించో బీమా క్లెయిము గురించో నాలుగు వాక్యాలు తడుముకోకుండా తెలుగులో చెప్పడానికి కోచింగ్ ఫీజు కడతాడు. మాతృభాషకు ట్యూషన్ పెట్టించిన ఘనత ఈ పట్టికదే.

ఇన్ని హంగులున్న పట్టిక కూడా ఆస్ట్రేలియా వలసలన్నిటినీ నడపదు. 2025-26 శాశ్వత వలస ప్రణాళికలో మొత్తం 1,85,000 స్థానాలుంటే, యజమానితో గానీ రాష్ట్రంతో గానీ పని లేకుండా కేవలం పాయింట్ల మీద వచ్చే ‘స్కిల్డ్ ఇండిపెండెంట్’ వాటా 16,900. యజమానులు స్పాన్సర్ చేసే 44,000 స్థానాలకు పాయింట్ల లెక్క లేదు. విద్యార్థులు, న్యూజిలాండ్ పౌరులు, వర్కింగ్ హాలిడే కుర్రకారు దీని బయటే ఉంటారు. పైగా ఇది మనుషులను ఏరికోరి రప్పించడానికి పుట్టిన పద్ధతి. 2021 జనగణనలో ఆస్ట్రేలియా జనాభాలో 27.6 శాతం విదేశాల్లో పుట్టినవారు; అదే ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ వాటా 16.8 శాతం. వలస తగ్గించుకోవాలనుకున్న దేశం, తనకన్నా ఎక్కువ వలస ఉన్న దేశాన్ని ఆదర్శంగా ఎంచుకుంది.

బ్రిటన్‌కు చేరిన నమూనాలో ఈ పట్టిక కూడా లేదు. అక్కడ 70 పాయింట్లు కావాలి. గుర్తింపు ఉన్న యజమాని ఇచ్చే ఉద్యోగానికి 20, ఆ ఉద్యోగం స్థాయికి 20, ఇంగ్లిష్‌కు 10. ఈ 50 తప్పనిసరి. మిగతా 20 ప్రధానంగా జీతాన్ని బట్టి వస్తాయి. వయసుకూ అనుభవానికీ పాయింట్లు లేవు. స్పాన్సర్ చేసే యజమాని లేకపోతే మిగతావేవీ లెక్కకు రావు. నేతిబీరలో నెయ్యి ఎంతో ఇందులో పాయింట్లూ అంతే. ఉద్యోగం ఉంటే వీసా, లేకపోతే లేదు అన్న నిబంధనకు అంకెలు అతికించి, దాని మీద కంగారూ బొమ్మ వేశారు.

ఫలితం కూడా ఘనంగానే వచ్చింది. బ్రెగ్జిట్ రిఫరెండం నాటికి బ్రిటన్ నికర వలస ఏడాదికి 3 లక్షల పైచిలుకు. అదుపు చేతికొచ్చాక, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి అది 9 లక్షలు దాటింది. వృద్ధుల సంరక్షణ పనికి మనుషులు చాలక 2022 ఫిబ్రవరిలో తలుపు తెరిచిన ప్రభుత్వమే, వచ్చినవాళ్లను చూసి ఉలిక్కిపడింది. 2025 జూన్ నాటికి లెక్క 2 లక్షల దరిదాపుల్లోకి దిగింది. దాన్ని దించింది పాయింట్ల మహిమ కాదు. విద్యార్థుల కుటుంబాల రాకకు కళ్లెం వేశారు, సంరక్షణ వీసాలు కుదించారు, మొదట 25,600 పౌండ్లున్న జీతం గీతను 2024లో 38,700కు, 2025 జులైలో 41,700కు జరిపారు. ఏ దేశం పేరూ అక్కర్లేని మామూలు తాళాలివి.

రెండో అంకం పడవలది. 2013లో టోనీ అబాట్ ‘పడవలను ఆపుతాం’ అన్న నినాదంతో ఆస్ట్రేలియా ప్రధాని అయ్యారు. 2023లో రిషి సునాక్ అదే నినాదాన్ని ప్రసంగ వేదిక ముందు అంటించుకుని నిలబడ్డారు. నినాదాలతో పాటు మనుషులూ దిగుమతి అయ్యారు. 2005లో కన్జర్వేటివ్‌ల ప్రచారాన్ని లింటన్ క్రాస్బీ, 2019లోనూ 2024లోనూ ఐజాక్ లెవిడో నడిపారు. 2022లో సరిహద్దు దళం పనితీరును సమీక్షించింది ఆస్ట్రేలియా మాజీ విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ డౌనర్. దిగుమతి కానిది భౌగోళిక స్థితి ఒక్కటే. ఆస్ట్రేలియా నౌకాదళం పడవలను వెనక్కి మళ్లించింది వందల కిలోమీటర్ల ఖాళీ సముద్రంలో. ఇంగ్లిష్ చానల్‌లోని డోవర్ జలసంధి ఇరుకైన చోట 33 కిలోమీటర్లు. ఫ్రాన్స్ ఒప్పుకోకుండా అక్కడ పడవను మళ్లించే దారే లేదు.

పడవల్లో వచ్చినవారిని ఆస్ట్రేలియా పంపిన నౌరు, మానస్ దీవులకు బదులుగా బ్రిటన్ 2022 ఏప్రిల్‌లో రువాండాను ఎంచుకుంది. మానస్ నిర్బంధం చట్టవిరుద్ధమని పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. రువాండా పథకం చట్టవిరుద్ధమని బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 నవంబరులో తేల్చింది. ఈ ఒక్క విషయంలో మాత్రం పథకం అచ్చంగా ఆస్ట్రేలియా తరహాలోనే నడిచింది. 2024 జులైలో కొత్త లేబర్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, ఖర్చు సుమారు 70 కోట్ల పౌండ్లని చెప్పింది. రువాండాకు వెళ్లినవారు నలుగురు, ఆ నలుగురూ తమ ఇష్టంతోనే. 2025లో చానల్ దాటి పడవల్లో వచ్చినవారు 41 వేలకు పైనే.

మూడో అంకం వాణిజ్యానిది. 2020 చివర్లో ఐరోపా సమాఖ్యతో చర్చలు చెడేలా ఉన్నప్పుడు, ఒప్పందం కుదరకపోతే ఆస్ట్రేలియా తరహాలో బతుకుతామని జాన్సన్ ధైర్యం చెప్పారు. అప్పటికి ఆస్ట్రేలియాకు ఐరోపాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమే లేదు. దానికోసం 2018 నుంచి బేరమాడుతూ ఉండేది. కోరుకునే ముందు కాస్త జాగ్రత్త అని ఆస్ట్రేలియా మాజీ ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్ బీబీసీలోనే హెచ్చరించారు. ఏమీ లేకపోవడానికి ఒక దేశం పేరు పెట్టడం దౌత్య చరిత్రలో అరుదైన మర్యాద.

ఈ వ్యాపారంలో అసలు సరఫరాదారు ఎవరన్నది పాత దస్త్రాలు చెబుతాయి. భారతీయులను పేరెత్తకుండా ఆపడానికి దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ వలస రాజ్యం నాటాల్ చేసిన 1897 చట్టంలోని అక్షరాస్యత పరీక్షను మిగతా వలస రాజ్యాలకు నమూనాగా చూపింది బ్రిటన్ వలస రాజ్యాల మంత్రి జోసెఫ్ చాంబర్లీన్. ఆ బాటలోనే ఆస్ట్రేలియా 1901లో డిక్టేషన్ పరీక్ష పెట్టింది: ఏదో ఒక ఐరోపా భాషలో 50 మాటలు చెబితే రాయాలి. ఆ భాష ఏదో అధికారి ఇష్టం. 1934లో ఎన్నో భాషలు వచ్చిన పాత్రికేయుడు ఈగాన్ కిష్‌కు స్కాటిష్ గేలిక్‌లో పెట్టి తప్పించారు. ఆ పరీక్ష 1958 దాకా బతికింది. మరోపక్క, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ వాసులను పది పౌండ్ల టిక్కెట్టుతో ఓడలెక్కించి రప్పించారు. లండన్‌లో పుట్టిన పసివాడు టోనీ అబాట్ 1960లో వచ్చింది అలాంటి ఓడలోనే. వేల్స్‌లో పుట్టి 1966లో వచ్చిన జూలియా గిలార్డ్ ప్రధానిగా 2012లో నౌరు శిబిరాన్ని తిరిగి తెరిచారు. పడవలను ఆపే విద్యలో ఇద్దరు ఉద్దండులూ సముద్రం దాటి వచ్చినవారే.

ఇప్పుడు సరుకు రెండు దిక్కులా తిరుగుతోంది. 2025 ఆగస్టు 31న ఆస్ట్రేలియా నగరాల్లో వలసలకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగాయి; రెండు వారాలకు లండన్‌లో లక్షమందికి పైగా అలాగే నడిచారు. ఆస్ట్రేలియా ఊరేగింపుల కరపత్రాలు వేలెత్తి చూపింది భారతీయులను. 2021 జనగణన ప్రకారం ఆ దేశంలో బయట పుట్టినవారిలో మొదటి స్థానం ఇంగ్లండ్‌ది, 9 లక్షలకు పైగా. భారత్‌ది రెండో స్థానం, 6.7 లక్షలు. మొదటి స్థానంలో ఉన్నవారు వలసదారులన్న సంగతి కరపత్రం రాసినవారికి తోచలేదు. పుట్టినరోజులు లెక్కబెట్టుకుని, సొంత భాషలో పరీక్ష రాసి, పాయింట్ల గుమ్మం దాటి వచ్చిన తెలుగువాడు ఆ కరపత్రం చదివి తెలుసుకున్నదేమిటంటే, 65 పాయింట్ల తర్వాత చర్మం రంగుకు ఇంకో లెక్క ఉందని.

2025 నవంబరు నుంచి లండన్‌లో కొత్త ఫ్యాషన్ నడుస్తోంది. హోం మంత్రి షబానా మహమూద్ శరణార్థుల నిబంధనలకు ఈసారి డెన్మార్క్‌ను ఆదర్శంగా తీసుకున్నారు. దేశం మారింది, అలవాటు మారలేదు. ఎవరిని రానివ్వాలి, ఎందుకు, ఎంత ఖర్చుతో అన్న ప్రశ్నలకు ప్రభుత్వం తన సొంత ఓటరు ముఖం చూసి జవాబు చెప్పుకోవాలి. పరాయి దేశం పేరు చెప్పి తప్పించుకున్న ప్రతిసారీ ఆ జవాబు ఇంకా లేదనే అర్థం.