పంటికింద ముత్యం

మధ్యాహ్నం రెండింటప్పుడు గుడివాడలో మా దొడ్డమ్మకి ఫోన్ చేస్తే ఎత్తదు. కంగారుపడక్కర్లేదు. భోజనాలయ్యాక కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ ఆవిడ టీవీ ముందు చేరే వేళ అది. సీరియళ్లు రాత్రి చూసుకుంటుంది. మధ్యాహ్నం నగల వేళ.

తెరమీద ఒకమ్మాయి ఏడు వరుసల హారం వేసుకుని అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటుంది. పక్కనున్నావిడ పెదాలు హిందీలో కదులుతుంటే మాటలు తెలుగులో వినబడుతుంటాయి. ‘హారం, బుట్టలు, పాపిడిబిళ్ల, నాలుగు గాజులు, ఉంగరం. అన్నీ కలిపి 9,999 రూపాయలు. ఈ పది నిమిషాల్లో ఫోన్ చేసినవారికి 999 మాత్రమే!’ తెర అడుగున ‘బంగారు పూత’ అని చీమ తలకాయంత అక్షరాలు ఒకసారి మెరిసి మాయమవుతాయి. మూలనున్న గడియారం వెనక్కి పరుగెడుతుంటుంది. ఆ పది నిమిషాలూ మూడేళ్ల నుంచీ గడుస్తూనే ఉన్నాయి.

‘మోసం, పచ్చి మోసం’ అంటుంది దొడ్డమ్మ. అంటూనే నంబరు నొక్కుతుంది.

ఇలాంటివారు మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. నమ్మి కొనేవాళ్లు కొంతమంది, నమ్మక మానేసేవాళ్లు కొంతమంది. బొత్తిగా నమ్మకుండా కొనే ఈ మూడో జాతి ఉందే, టీవీ నగల బేరమంతా వీళ్ల చలవే అని నా అనుమానం.

దొడ్డమ్మ ధీమాకి కారణం పుట్టిల్లు. ఆవిడ బందర్లో పుట్టింది, చిలకలపూడికి కూతవేటు దూరంలో. ఆ ఊరికి లడ్డూ వల్ల ఎంత పేరో గిల్టు నగల వల్లా అంత పేరు. రాగి మీదో ఇత్తడి మీదో బంగారు పూత పూసి పెళ్లికూతుర్నీ, నాటకంలో ద్రౌపదినీ, కూచిపూడి ఆడే పిల్లనీ ఒకే చేత్తో అలంకరించగల ఊరు. ‘బందర్లో పుట్టినదాన్ని, నాకు చెప్తారట్రా గిల్టు సంగతి!’ అన్నది ఆవిడ పల్లవి. ‘ఈతొచ్చినవాణ్ణే ఏరు ముంచుతుంది’ అన్నది పెదనాన్న చరణం.

పార్సెల్ వచ్చిన రోజు చూడాలి. తెచ్చిన కుర్రాడి చేతిలో డబ్బులు పెట్టేలోపే విచారణ మొదలవుతుంది.

‘ఏవయ్యా, ఇంత తేలిగ్గా ఉందేవిటి?’

‘నాకేం తెలుసండీ, మోసుకొచ్చేవాణ్ణి.’

‘మోసుకొచ్చినవాడికి తెలీకపోతే బరువు సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?’

కుర్రాడు చిల్లర అడక్కుండానే వెళ్లిపోతాడు. అప్పుడు కత్తిపీట ముందేసుకుని, చేప తోమినంత శ్రద్ధగా పెట్టె చుట్టూ ఉన్న టేపు కోస్తుంది. నగ తర్వాత, ముందు అట్టపెట్టె మీది చీటీ. పెదనాన్న చేత భూతద్దం పెట్టి చదివిస్తుంది. ‘మార్కెట్ చేసినవారు ఫలానా. ప్యాక్ చేసినవారు ఫలానా.’ ‘బావుంది. మరి చేసినవాడేడీ?’ అడగాల్సిన ప్రశ్నే. ప్యాకెట్ సరుకు మీద పేరూ చిరునామా, ధర, దిగుమతి అయితే ఏ దేశందో రాసి తీరాలని తూనికలు కొలతల నిబంధన ఉంది. కాకపోతే ఆ ప్రశ్న ఫోన్ చెయ్యకముందు అడగాలి. దొడ్డమ్మ పెట్టె కోశాక అడుగుతుంది.

తర్వాత పరీక్షలు. చెడిపోయిన రేడియో స్పీకరులోంచి పెరికిన అయస్కాంతం ఒకటుంది. హారం దానికి అంటుకోలేదు. ‘చూశారా!’ అంది విజయగర్వంతో. ‘ఇత్తడీ అంటుకోదే’ అన్నారు పెదనాన్న, పేపర్లోంచి తలెత్తకుండా. రెండోది కుంకుడు రసం. మూడోది అన్నిటికన్నా కఠినమైంది, కోడలి మెడ. హారం ముందు కోడలు ఒక రోజంతా వేసుకోవాలి. సాయంత్రానికి మెడ దురద పెట్టకుండా, చిలుము మరక పడకుండా ఉంటే సరుకు మంచిదన్నట్టు. పూత కింద నికెలుంటే కొందరి ఒంటికి పడదు మరి. ఈ పరీక్షకి కోడలు ఏనాడూ నోరెత్తలేదు గానీ, ఏ పార్సెల్ వచ్చినా ఆ రోజు తనకి పుట్టింటి పని తగులుతోందని ఇంట్లో అందరూ గమనించారు.

రాళ్ల దగ్గరికొచ్చేసరికి పెదనాన్న వంతు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు, పాఠం చెప్పే అవకాశం దొరక్క అల్లాడుతుంటారు. ‘అమెరికన్ డైమండ్లట’ అని దొడ్డమ్మ చూపించగానే మొదలుపెట్టారు. ‘అవి డైమండ్లూ కావు, అమెరికావీ కావు. క్యూబిక్ జిర్కోనియా. దాన్ని ప్రయోగశాలలో పెంచే పద్ధతి 1970ల్లో రష్యా శాస్త్రవేత్తలు సాధించారు.’

దొడ్డమ్మ బుగ్గన వేలేసుకుంది. ‘రష్యావాడు కనిపెట్టినదానికి అమెరికా పేరు పెట్టి ఇండియాలో అమ్ముతున్నారా?’

‘జర్మన్ సిల్వరో? రాగి, నికెలు, జింకు. వెండి వీసమెత్తుండదు.’

దొడ్డమ్మ మాట్లాడకుండా లోపలికెళ్లి, శ్రావణమాసం పేరంటానికి పంచుదామని కొన్న జర్మన్ సిల్వరు కుంకుమ భరిణెలు డజను తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాఠం అక్కడితో ఆగిపోయింది.

పెళ్లిళ్లలో దొడ్డమ్మ పక్క కుర్చీ ఎవరూ కోరుకోరు. ‘అబ్బ, ఎంత బావుందే అమ్మాయ్!’ అంటూ ఎదుటివాళ్ల హారాన్ని రెండు వేళ్లతో పైకెత్తుతుంది. చూసేవాళ్లకి మురిసిపోతున్నట్టే ఉంటుంది గానీ, అది తూకం. ఆ తర్వాత బొటనవేలితో వెనక్కి తిప్పుతుంది. నగ గుట్టంతా వెనకవైపు ఉంటుందని ఆవిడ సిద్ధాంతం. ముందువైపు నెమలి ఎలాగూ పురివిప్పి నవ్వుతుంది, వెనక అతుకు చూడాలట, కొక్కెం చూడాలట. చూసి, మెల్లగా దాని చోట దాన్ని వదిలి, ‘ఎక్కడ చేయించావ్?’ అంటుంది. ఆ ‘చేయించావ్’ లోపల ‘కొన్నావ్’ ఉంటుంది. దాని లోపల ‘టీవీలోనా’ ఉంటుంది.

అదే ప్రశ్న తనకెదురైతే? టీవీ హారానికి ఆవిడ దగ్గర మూడు పుట్టిళ్లు సిద్ధం. చుట్టాలడిగితే ‘మా అత్తగారిది’. ఇరుగుపొరుగు అడిగితే ‘మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడు’. వియ్యపురాలడిగితే ‘లాకర్లోంచి తీశా వదినగారూ, రేపే మళ్లీ పెట్టెయ్యాలి’. ఒకసారి అత్తగారి కథ పెదనాన్న చెవిన పడింది. ‘మా అమ్మ బతికుండగా ఇంత నగ ఎక్కడ దాచిందే?’ అని పాపం ఆయన నిజంగానే బాధపడ్డారు.

అసలు దెబ్బ కార్తీకమాసంలో తగిలింది. ఉత్సవాలకని చిలకలపూడి పాండురంగడి గుడికి వెళ్లింది దొడ్డమ్మ. మెడలో ‘రాజస్థాన్ రాణివాసపు హారం’. టీవీవాళ్లు పెట్టిన పేరే. బియ్యపుగింజంత రాళ్లు, నడుమ ముక్కూ ముక్కూ ఆనించిన జంట నెమళ్లు. లైన్లో వెనక నిలబడ్డ ఒకావిడ అదే పనిగా చూసి, ‘పిన్నిగారూ, ఒక్కసారి వెనక్కి తిప్పుతారా?’ అందట. ఇన్నేళ్లూ తను అందర్నీ అడిగిన మాట, తనని ఒకరడగడం దొడ్డమ్మకి అదే మొదలు.

అలా అడిగినావిడ ఇంటి దగ్గరే నగలకి రాళ్లు అంటించే పని చేస్తుంది. నెమలి మీద వేలు పెట్టి, ‘ఇది మా వీధి అచ్చేనండీ. ఎడమ నెమలి ముక్కు కాస్త వంకర చూడండి. అచ్చులోనే తప్పుపోయింది, అలాగే నడిచిపోతోంది’ అంది. ‘ఎక్కడ తీసుకున్నారు?’

‘అమెరికా నుంచి మా అబ్బాయి పంపాడు’ అనేసింది దొడ్డమ్మ. అలవాటైన నోరు కదా.

‘అయ్యో, మన సరుకు అమెరికా దాకా వెళ్తోందన్నమాట!’ అని ఆవిడ కళ్లు చెమ్మగిల్లి, అక్కణ్ణుంచే పాండురంగడికి దణ్ణం పెట్టుకుంది.

రెండు రోజులు దొడ్డమ్మ అన్నం సరిగా తినలేదు. బస్సెక్కితే గంటలో చేరే పుట్టింటి సరుకుని, ఎక్కడి రాజస్థానో అనుకుని 999 పెట్టి కొంది! మూడోరోజుకి తేరుకుని నాకు ఫోన్ చేసింది. గొంతులో ఏదో గర్వం. ‘అందుకేరా, ఏడాదైనా నలుపెక్కలేదు. మన బందరు పూత మరి!’

నిజం బంగారం దగ్గర ఆవిడెలా ఉంటుందో కూడా చూశాను. మనవరాలి ఓణీల ఫంక్షనుకి రెండు కాసుల గొలుసు కొందామని విజయవాడ వెళ్లాం. సంచీలో భూతద్దం, అయస్కాంతం, చిన్న సీసాలో కుంకుడు రసం. షాపు కుర్రాడు గొలుసు కొక్కెం దగ్గర చూపించాడు. బీఐఎస్ త్రికోణం గుర్తు, 22కె916, పక్కన అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు. అదే హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆ ఆరూ లేకుండా అమ్మకూడదు. నా ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరూ కొట్టాను. హాల్‌మార్క్ చేయించిన షాపు ఏదో, పరీక్షించిన కేంద్రం ఏదో, వస్తువేమిటో, బంగారం ఎంత పాళ్లో వచ్చేసింది.

‘అంతేనా?’ అంది దొడ్డమ్మ.

తరుగు దగ్గర కాసేపు పోట్లాడింది గానీ, ఆ పోట్లాటలో కళ లేదు. తిరుగు బస్సులో కుంకుడు రసం సీసా ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూచుంది. ‘అన్నీ వాళ్లే రాసి ఇచ్చేస్తే ఇంక మనం చూసేదేవుందిరా?’ అంది.

దొడ్డమ్మ నాకు అప్పుడు అర్థమైంది. లక్షలు పోసి కొన్న గొలుసు ఒక్క నిమిషంలో తేలిపోయింది. 999 రూపాయల హారం నెల్లాళ్లు తేలదు. నెల్లాళ్లూ ఇంట్లో భూతద్దం తిరుగుతుంది, పెదనాన్న పాఠం చెప్తారు, కోడలు పుట్టింటికెళ్లొస్తుంది, ఇరుగమ్మ పొరుగమ్మ వచ్చి తలో మాటా అనిపోతారు. పిల్లల్లో కొందరు దేశాలు దాటి వెళ్లిపోయిన ఇంట్లో ఆ సందడి 999కి ఎవరిస్తారు?

ఇంత రాసి నా సంగతి దాచుకుంటే పాపం తగులుతుంది. నేనుండేది హైదరాబాదు. దగ్గర్లో సముద్రం లేకపోయినా ముత్యాలకి పేరుపడ్డ ఊరు. నిజాముల కాలంలో బస్రా నుంచి వచ్చేవి. ఇప్పుడు చార్మినారు పక్కన పత్తర్‌గట్టీలో దొరికేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. ఇవన్నీ తెలిసిన పెద్దమనిషిని. అయినా మా పెళ్లిరోజు పది రోజులుందనగా ఒక రాత్రి పదకొండింటికి టీవీలో ముత్యాల సెట్టు చూశాను. 1,499. ‘ఇంక ఏడే సెట్లున్నాయి’ అంటోంది ఆవిడ. నాకు తెలియకుండానే ఫోను చేతిలోకొచ్చింది.

మా ఆవిడతో ఏమన్నానో తెలుసా? ‘పత్తర్‌గట్టీలో ఒక ముసలి సేటు దగ్గర గంటసేపు బేరమాడి తెచ్చా. బస్రావి.’ బస్రా అనమని నన్నెవరూ అడగలేదు. దొడ్డమ్మ రక్తం, అనిపించింది.

సంక్రాంతికి దొడ్డమ్మ వచ్చింది. ‘ఏవీ, మావాడు తెచ్చిన ముత్యాలు?’ అంది. మా ఆవిడ సంబరంగా తీసి ఇచ్చింది. అసలు ముత్యం పంటి అంచుకి రాస్తే సన్నటి ఇసకలా గరగరలాడుతుంది, గాజూ ప్లాస్టిక్కూ నున్నగా జారిపోతాయి. దొడ్డమ్మ కళ్లు మూసుకుని ఒక ముత్యాన్ని పైపంటికి ఆనించి అటొకసారి ఇటొకసారి రాసింది. సర్రున జారడం నాకు కూచున్న చోటి నుంచే కనబడింది.

దొడ్డమ్మ కళ్లు తెరిచి నాకేసి చూసింది. మా ఆవిడకేసి చూసింది.

‘గరుగ్గా ఉందే అమ్మాయ్. అసలైనవి. వీడికి నా చూపొచ్చింది’ అంది.

తర్వాత వంటింట్లో కాఫీ వడగడుతూ గొంతు తగ్గించింది. ‘ఒరేయ్, ప్లాస్టిక్కురా.’

‘తెలుసు దొడ్డమ్మా.’

‘టీవీలోనా?’

‘ఊఁ.’

‘ఎంత?’

చెప్పాను. కాసేపు ఆలోచించింది. ‘మెరుపు బావుంది. నాకూ ఒకటి చెప్పు.’

చెప్పాను. పార్సెల్ గుడివాడ చేరింది. మొన్న ఏదో పెళ్లిలో అవి వేసుకుని, ‘మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో బస్రా ముత్యాలు కొనిచ్చాడు’ అని వియ్యపురాలితో చెప్పిందట. అబద్ధం చెప్పినా నా అబద్ధమే చెప్పింది, అందుకు సంతోషించాను.

కాబట్టి పాఠకులకు మనవి. బంగారమని అమ్మితే ఆ ఆరక్షరాలూ చూసి కొనండి. పూత అని అమ్మితే పూత ధరకే కొనండి, చీమ తలకాయంత అక్షరాలు చదివాక. మోసం జరిగిందనిపిస్తే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఇక ఏ పెళ్లిలోనైనా ఒక పెద్దావిడ మీ హారాన్ని రెండు వేళ్లతో ఎత్తి ‘ఎక్కడ చేయించావ్?’ అంటే జంకకండి. ముందు ఆవిడది వెనక్కి తిప్పమనండి. ఎడమ నెమలి ముక్కు వంకరగా ఉంటే ఆవిడ మా దొడ్డమ్మే.