మర్యాద చెడకుండా కూపన్ వాడటం ఎలా?

అనంతపురంలో ఉంటూ, ఒకటో తేదీ జీతమో పింఛనో అందుకుని, ఇరవయ్యో తేదీకల్లా పర్సులో చిల్లర లెక్కపెట్టుకునే మర్యాదస్తుల కోసం ఈ మార్గదర్శి. కందిపప్పు ధర, నూనె ధర చూశాక సూపర్‌మార్కెట్ కూపన్లు వాడక తప్పదని మీ ఇంట్లో తీర్మానం అయిపోయింది. తీర్మానంలో మీకు ఓటు లేదు. అమలు మాత్రం మీదే. కింది మెట్లు వరసగా ఎక్కితే డబ్బు మిగులుతుందని హామీ ఇవ్వలేం కానీ పరువుకు ఢోకా ఉండదు.

మొదటి మెట్టు: ముందు అయిష్టం ప్రకటించండి

"వంద రూపాయల కోసం చీటీలు పట్టుకుని తిరిగే గతి పట్టిందా మనకు?" అని ఇల్లంతా వినపడేలా అనండి. అన్నాక పక్క గదిలోకి వెళ్లి, కూపన్ మెసేజ్ పొరపాటున చెరిపేయలేదు కదా అని ఫోన్‌లో చూసుకోండి. బయట ఎవరైనా అడిగితే ఇదంతా పిల్లల పోరని చెప్పండి. పిల్లలు బెంగళూరులో ఉంటే మరీ మంచిది. వెళ్లి కనుక్కునేవాళ్లు ఉండరు.

రెండో మెట్టు: చరిత్ర చదవండి, సగం చాలు

కూపన్‌కు గౌరవం తేవాలంటే అమెరికా దాకా వెళ్లాలి. 1887 ప్రాంతంలో అట్లాంటాలో కోకాకోలా వాళ్లు గ్లాసు ఉచితమంటూ చీటీలు పంచారు. ఆ తర్వాత సి.డబ్ల్యు. పోస్ట్ అనే వ్యాపారి తన గ్రేప్‌నట్స్ పొట్లం మీద ఒక సెంటు తగ్గిస్తూ చీటీ తెచ్చాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఆ చీటీలు వాడని ఇల్లాళ్లు తక్కువ. ఇక్కడ పుస్తకం మూసేయండి.

మూయకపోతే 1939 వస్తుంది. ఆ ఏడాది రోచెస్టర్ నగరంలో అమెరికా ప్రభుత్వం పేదలకు ఫుడ్ స్టాంపులు మొదలుపెట్టింది. డాలరు పెట్టి నారింజ రంగు స్టాంపులు కొంటే అర డాలరు విలువైన నీలం స్టాంపులు ఉత్తినే ఇచ్చేవాళ్లు. నీలం వాటితో ప్రభుత్వం మిగులు అని ప్రకటించిన సరుకులే కొనాలి. పత్రికలోంచి చీటీ కత్తిరించి తెచ్చినావిడను గుట్టుగా సంసారం చేసే మనిషి అన్నారు. నీలం స్టాంపు తెచ్చినావిడ అందుకు అర్హురాలా కాదా అన్న వాదన అక్కడ ఇప్పటికీ తెగలేదు.

మన దగ్గర చరిత్ర జోలికి అసలు పోవద్దు. 1983లో ఎన్టీఆర్ కిలో బియ్యం 2 రూపాయలకు ఇచ్చాడు. 2011లో రచ్చబండ సభల్లో రేషన్ కార్డుకు అర్జీ పెట్టుకున్నవాళ్లకు, అసలు కార్డు వచ్చేదాకా తాత్కాలిక కూపన్లు చేతిలో పెట్టారు. ఆ కూపన్ నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చీరకొంగున ముడేసుకుని రేషన్ అంగడికి వచ్చిన ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. 2013 ఉగాదికి అమ్మహస్తం వచ్చింది. కందిపప్పు, పామాయిల్, గోధుమలు, గోధుమపిండి, చక్కెర, చింతపండు, ఉప్పు, కారం, పసుపు: తొమ్మిది సరుకులూ కలిపి 185 రూపాయలు. ఇవాళ సూపర్‌మార్కెట్ గుమ్మంలో ఇలాంటిదే కాంబో ఆఫర్ అని బ్యానర్ కడితే మీరు స్కూటర్ ఆపి చదువుతారు. ఆ రోజు టవర్‌క్లాక్ దగ్గర టీ తాగుతూ "జనాన్ని సోమరిపోతుల్ని చేస్తాండారు" అన్నది కూడా మీరే. ఆ మాట ఎవరికీ గుర్తుండదు, మీరు గుర్తు చేయకుంటే.

మూడో మెట్టు: షరతులు చదవండి, కళ్లద్దాలు పెట్టుకుని

పెద్ద అక్షరాల్లో "100 రూపాయల తగ్గింపు" అని ఉంటుంది. చీమల బారు లాంటి అక్షరాల్లో మిగతాది: 999 పైన కొంటేనే, 16వ తేదీ నుంచి 25 లోపే, బియ్యం, పప్పులు, నూనె, చక్కెర మినహా. అంటే జీతం అయిపోయాక వచ్చి, వంటింటికి కావలసినవి తప్ప తక్కినవన్నీ కొనమని అర్థం. చెనక్కాయలు పండే జిల్లాలో చెనక్కాయ నూనె మినహాయింపుల జాబితాలో ఉందని బాధపడకండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే మన వాన కూడా కూపన్ లాంటిదే, షరతులు వర్తిస్తాయి: నైరుతికి పడమటి కనుమలు అడ్డం, ఈశాన్యం మన దాకా వచ్చేసరికి గడువు ముగింపు.

నాలుగో మెట్టు: లెక్క ఒక్కసారే వేయండి

ఇంటినుంచి తెచ్చుకున్న చీటీ ప్రకారం, మినహాయింపులు పోను, సామాన్లు 780 రూపాయలు అయ్యాయనుకుందాం. 999 దాటించాలి కాబట్టి 220 రూపాయలకు ఓట్స్ డబ్బా, నిమ్మవాసన ఫినాయిల్ బుట్టలో వేస్తారు. బిల్లు 1,000. కూపన్ పోను 900. వంద మిగిలిందని ఇంటికి ఫోన్ చేయండి. 780తో పోవలసింది 900 అయింది కదా అని రెండోసారి లెక్క వేయడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఓట్స్ సంగతి ఆదివారం తేలుతుంది. బొరుగులు నానబెట్టాల్సిన చోట ఓట్స్ నానబెట్టి ఉగ్గాని చేస్తారు. పక్కన బజ్జి ఉంటుంది కాబట్టి తినేయొచ్చు.

"ఎం.ఆర్.పి. మీద 40 శాతం తక్కువ" అని రాసినచోట కాస్త ఆగండి. పొట్లం మీద గరిష్ఠ ధర ముద్రించాలన్న నిబంధన 1990లో వచ్చింది. అంతకు మించి అమ్మకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ అంకె ఎంత ఉండాలో వేసేది మాత్రం సరుకు తయారుచేసినవాడే. వాడు పైకి వేస్తాడు, వీడు కిందికి దించుతాడు, మధ్యలో మీరు సంతోషిస్తారు. గ్రాము లెక్కన ధర కూడా పొట్లం మీదే ఎక్కడో ఉంటుంది. అది చదివారంటే సంతోషం తగ్గుతుంది.

ఐదో మెట్టు: అర్హత నిరూపించుకోండి

కౌంటర్ దగ్గర అమ్మాయి ఫోన్ నంబరు అడుగుతుంది. చెప్పండి. ఓటీపీ అడుగుతుంది. వెనక క్యూ అంతా వినేలా చదివి వినిపించండి. మీ పరీక్ష అయిపోయింది.

రేషన్ అంగట్లో ఈపాస్ యంత్రం వేలు అడుగుతుంది. చెనక్కాయ చెట్లు పెరికి పెరికి అరిగిపోయిన బొటనవేలు గాజుపలక మీద పెడితే గీతలు పడవు. డీలరు గుడ్డతో తుడవమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు. అంతకుముందు కార్డు రావడానికి జరిగేది వేరు. 2020లో రైస్ కార్డులు ఇచ్చినప్పుడు నెల ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదన్నారు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. అనంతపురం మెట్టలో 10 ఎకరాలంటే వాన మొహం చాటేసిన ఏడాది విత్తనం అప్పు తప్ప ఇంకేమీ కాదని కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

రెండు వరసలకూ తేడా ఇదే. రేషన్ వరసలో ఉన్నామె తన దగ్గర డబ్బు లేదని రుజువు చేయాలి. మీరు మీ దగ్గర 999 ఉందని రుజువు చేస్తే చాలు. తగ్గింపు ఇద్దరికీ దొరుకుతుంది, సంజాయిషీ మాత్రం ఒకరే ఇచ్చుకోవాలి.

ఆరో మెట్టు: శెట్టి అంగడి దాటడం

ఇది అన్నిటికంటే కష్టం. వీధి మొదట్లో చిల్లర అంగడి ఉంటుంది. మీరు ఇన్నేళ్లూ పద్దు రాయించింది అక్కడే. తలవంచుకుని పోదామనుకుంటారు. శెట్టి చూడకుండా ఉంటాడా?

"ఏం సార్, ఈ నడుమ కనపడ్డమే లేదే. ఒంట్లో బాగుండ్లేదా?"

"ఊర్లో లేము శెట్టీ."

ఆయన చూపు మీ చేతిలోని సంచి మీద పడుతుంది. దాని మీద సూపర్‌మార్కెట్ పేరు రెండు వైపులా అచ్చేసి ఉంటుంది, కాబట్టి తిప్పి పట్టుకున్నా లాభం లేదు. ఆ పేరు మోసుకొచ్చినందుకు సంచి డబ్బులు కూడా మీ దగ్గరే తీసుకున్నారు. ఇలాగే 3 రూపాయలు సంచికి తీసుకున్న ఒక చెప్పుల కంపెనీని 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం 9,000 రూపాయలు కట్టమంది. మీరు చండీగఢ్ మనిషి కారు. ఇంటినుంచి గుడ్డసంచి తెచ్చుకోండి.

శెట్టి ధర్మాత్ముడేమీ కాదు. అప్పు కాబట్టి కిలోకు ఒకటో రెండో కలిపే రాసుకునేవాడు. కానీ వాన రాని ఏడు "కాయలు అమ్మినాక ఇస్తాంలే" అని పల్లె నుంచి వచ్చినవాడికీ, జీతం ఆలస్యమైన మాస్టారికీ ఒకే పుస్తకంలో రాసేవాడు. లేదని రుజువు అడగలేదు, ఉందనీ అడగలేదు. ఆ సంగతి ఏ యాప్‌కూ ఎక్కదు. కాబట్టి నెలకు కొంత సామాను, ముఖ్యంగా మినహాయింపు జాబితాలోని బియ్యం, పప్పు, నూనె, ఆయన దగ్గరే కొనండి. అత్యవసరంలో కూపన్ ఉద్దెర ఇవ్వదు.

ఏడో మెట్టు: నిజంగా మిగలాలంటే

ఈ మెట్టు వ్యాపారులకు నచ్చదు, అందుకే చివర పెట్టాం. ఇంట్లో చీటీ రాసుకోండి. కడుపునిండా సంగటి తిని బయల్దేరండి. చీటీలో ఉన్నవి కొంటే 999 దాటిందా, కూపన్ వాడండి. దాటలేదా, కూపన్ సంగతి మర్చిపోయి 780 కట్టి వచ్చేయండి. మిగిలినవి ఓట్స్‌కు పోవలసిన 120 రూపాయలు.

ఇక సాయంత్రం టీ దగ్గర, ఉచితాలు ఇచ్చి రాష్ట్రాన్ని ముంచుతున్నారన్న చర్చ ఎవరో మొదలుపెడతారు. మీకూ గొంతు కలపాలనిపిస్తుంది. కలపండి, తప్పు లేదు. కాకపోతే ఆదాయం, భూమి, కరెంటు బిల్లు, బొటనవేలు అన్నీ చూపించి బియ్యం తెచ్చుకున్న మనిషి పక్కనుంటే ముందు ఆమెను మాట్లాడనివ్వండి. ఆమె అన్ని పరీక్షలూ రాసి వచ్చింది, మీరు ఓటీపీ ఒక్కటే చెప్పి వచ్చారు.