ఆవలి వైపు: ఒక పెన్సిలు ఆత్మకథ

మా వంశమునకు మూలపురుషుఁడు ఫ్రాన్సు దేశీయుఁడగు నికొలా జాక్ కోంటే. ఇంగ్లాండుతోడి యుద్ధమువలన మేలైన గ్రాఫైటు దుర్లభమైపోఁగా, ఆయన 1795లో గ్రాఫైటు పొడిని బంకమట్టితో మేళవించి కాల్చి, మట్టిపాలు హెచ్చినకొలఁది గట్టిదనమును, తగ్గినకొలఁది మెత్తఁదనమును వచ్చునట్లు చేసెను. ఆ మెత్తని శాఖలో 2బి యను పేర జనించి, సింగపూరున జురాంగ్ వెస్ట్‌లోని యొక హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహసముదాయపు) యింట నివసించు తెలుఁగు బాలిక చేతికిఁ జిక్కుట నా భాగ్యము.

ఆ బాలిక తొలుత వస్తువుల యంచులనే గీచెడిది. చేపయైనను, పిల్లియైనను కాగితముపై బల్లపరుపుగఁ బడియుండెడిది. ఓడల నిర్మాణశాలలో డ్రాయింగులు గీయు నామె తండ్రి యొక సాయంకాలము నన్నందుకొని, "అంచు తర్వాత గీద్దువుగాని తల్లీ, ముందు లోపల ఎంత నిండుగా ఉందో చూడు" అని, కాగితమును తాఁకకమున్నే నన్ను గాలిలోఁ బలుమాఱులు త్రిప్పి చేతికి దారి యలవఱచి, మణికట్టునుగాక భుజమునే కదల్చుచు, రెండు గోళముల నడుమ నొకే మందమున సాగి యొకింత వంగిన వదులైన యాకారమును గీచెను. దాని మధ్యగా నక్షరేఖను పోనిచ్చి, అడ్డముగా దీర్ఘవృత్తములను చుట్టెను. ఆకారపు కొన మనవైపు తిరిగినచోట నవి వెడల్పుగను, పక్కకు తిరిగినచోట సన్నగను ఉండవలెను. అక్షరేఖ వానిని సమభాగములు చేయవలెను. అంచుఁ జేరిన రేఖ యచ్చటనే యాగక, మనకుఁ గనఁబడని యావలి వైపునకు వంగి మఱలిపోవుచున్నట్లు తోఁపవలెను. ఈ కడపటి నియమమే తక్కినవానికెల్లఁ బ్రాణము.

రూపపు నిండుతనమును నిట్లు గీచి చూపు విద్య పాశ్చాత్యుల సొత్తని తలంపరాదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము, దేహము తిరిగినకొలఁది యవయవముల కొలతలు తఱుగుటయుఁ బెరుగుటయు 'క్షయవృద్ధి' యని చెప్పి, తొమ్మిది స్థానములను వివరించినది. ఛాయ వేయుటకు పత్రజ, ఐరిక, బిందుజములను మూఁడు విధములను పేర్కొన్నది.

సెలవుదినములందుఁ దండ్రియుఁ గూఁతురును నన్నుఁ గొని, 2019లోఁ దెఱవఁబడిన లేక్‌సైడ్ గార్డెనుకుఁ బోయెడివారు. అచ్చట జురాంగ్ సరస్సు గట్టున నీటి యుడుము పిల్లయొకటి యెండ కాఁగుచుండఁగా, బాలిక పొలుసులు గీయఁబోయెను, తండ్రి వారించెను. రొమ్మొక యాకారము, పొట్ట యొకటి, తోఁక పొడవుగ సన్నగిలి మెలిదిరిగిన వేఱొకటి. ముందున్నది వెనుకదానిని కొంత కప్పుటయు, పొట్ట నీరు నింపిన తోలుతిత్తివలె నేలపై నొరిగి దిగఁబడుటయు మొదట గీయించెను. అటుపిమ్మట బాలిక తేఱిపాఱఁ జూచినది: ఆ జంతువు వీఁపుమీఁది పసుపు చుక్కల వరుసలు అడ్డముగా వంగి, పక్కలకు జాఱి, కంటికి మఱుఁగగుచున్నవి! తాను కాగితముపై నభ్యసించిన దీర్ఘవృత్తములనే ప్రకృతి యా జీవి మేనఁ దీర్చియుంచినది. నన్ను పట్టిన వ్రేళ్లు మెత్తవడినవి, గీఁత తేలికపడినది, ఉడుము కాగితముపై బరువుగా నొరిగినది. ఆ క్షణమున నేను పొందిన యానందము నా యరుగుదలకుఁ జాలిన ప్రతిఫలము.

ఇప్పుడు నేను బొటనవ్రేలి పొడవు మాత్రమే మిగిలియున్నాను. చదువరులారా, మీ పిల్లలకు రంగులపెట్టెకంటె ముందు మెత్తని పెన్సిలొకటియు, ఎండలోఁ బండుకొన్న యే జీవినైనను దనివితీరఁ జూచుటకుఁ దగిన తీఱికయు నిండు.