ఒక గుట్ట, ఏడు కొండలు

కొన్నాళ్లుగా ఒక చిరునామా నన్ను సతాయిస్తోంది. కొండపైన, యాదగిరిగుట్ట, యాదగిరిగుట్ట మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా. ఒక్కసారి పైకి చదువుతూ వేళ్లు మడవండి. కొండ ఒకటి, గిరి రెండు, గుట్ట మూడు, మండలంలోని గిరీ గుట్టా కలిపితే అయిదు, అద్రి ఆరు, భువనగిరిలోది ఏడు. ఏడుకొండలవాడు తిరుపతిలోనే ఉన్నాడనుకుంటున్నాం గానీ, తపాలావారి లెక్కలో ఆయన ఇక్కడా ఉన్నట్టే. ఇంతా చేసి అక్కడున్నది ఒక్క గుట్ట. హైదరాబాదు నుంచి వెళ్తుంటే భువనగిరి దాటాక రాయగిరి కూడా తగులుతుంది. దాన్ని కవరు మీద రాయనక్కర్లేదు కాబట్టి బతికిపోయాం. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టక ముందు ఇదంతా నల్గొండ జిల్లా. అప్పట్లో జిల్లా మొత్తం ఒక్క కొండతోనే, అదీ అచ్చ తెలుగు కొండతోనే, సరిపెట్టుకుంది.

పేరులో ఒకే మాట రెండుసార్లు మోగడం మన ఒక్కరి జబ్బేం కాదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో వాగా వాగా అనే ఊరుంది. జర్మనీలో బాడెన్-బాడెన్ ఉంది. వాళ్లు మొహమాటం లేకుండా అన్న మాటే మళ్లీ అంటారు. మనం కాస్త మర్యాదస్తులం, రెండోసారి వేరే భాషలో అంటాం. సింహాచలం కొండ, శేషాచలం కొండలు, నీలగిరి కొండలు, నల్లమల కొండలు. తిరుమలగిరి అయితే అరవం వైపు నుంచి ‘మల’ను తెచ్చుకుని, దాని నెత్తిన సంస్కృతం ‘గిరి’ని కూర్చోబెట్టింది. ఆ ఊరి పక్కన గుట్ట కనబడితే తెలుగువాడు ఊరుకుంటాడా? తిరుమలగిరి గుట్ట అనేస్తాడు. మూడు భాషలు, మూడు కొండలు, ఎక్కాల్సింది ఒక్కటే. నా వాదన ఏమిటంటే, దగ్గరున్నవాడు ఒక్కసారే అంటాడు, దూరాన కూర్చుని కాగితం మీద రాసేవాడే రెండోసారి అంటాడు. వాగా వాగాలో ఉండేవాళ్లు తమ ఊరిని ఉత్త వాగా అంటారు. భువనగిరి చుట్టుపక్కల ఊళ్లలో ‘గుట్టకు పోయొచ్చినం’ అంటారే గానీ పూర్తి పేరు ఎత్తరు. తిరుపతిలో కొండమీదికి అంటే ఏ కొండని ఎవరూ అడగరు, బెజవాడలో అమ్మవారి దర్శనానికి వెళ్లేవాళ్లనూ అడగరు. ఎవరి కొండ వారికి కొండ, మిగతావన్నీ రాళ్లు.

దూరంవాడికి ఆనవాలు ఉండొద్దా అంటారు. ఉండాలి. బాడెన్-బాడెన్ కథ అదే. ఆస్ట్రియాలో ఒక బాడెన్, స్విట్జర్లాండులో ఒక బాడెన్ ఉండటంతో, వాటితో కలిసిపోకుండా 1931లో జంట పేరును అధికారికం చేసుకున్నారు. పని జరిగింది. మన జంట కొండలు ఆ మాత్రం పని కూడా చేయలేదు. సూర్యాపేట జిల్లాలో ఒక తిరుమలగిరి, సికింద్రాబాదు పక్కన ఒక తిరుమలగిరి, నల్గొండ జిల్లాలో మరో తిరుమలగిరి. ఈ మూడోదాన్ని గుర్తుపట్టడానికి నాగార్జునసాగర్‌ను అడ్డం పెట్టుకుని తిరుమలగిరి (సాగర్) అన్నారు. పేరులో రెండు కొండలున్నా చాలక బ్రాకెట్లో సముద్రాన్ని పోయాల్సి వచ్చింది.

యాదగిరి అనేది మనిషి పేరు కదా, గుట్ట తగిలించకపోతే మనిషో ఊరో ఎలా తెలుస్తుంది అని ఇంకొకరు అడగవచ్చు. ఇది మాత్రం గట్టి ప్రశ్నే. తెలంగాణలో ఏ బస్సులోనైనా ‘యాదగిరీ’ అని కేకేస్తే ఒక్కరైనా వెనక్కి తిరుగుతారు. గుట్ట మీది స్వామికి మొక్కుకుంటే పుట్టినవాడు యాదగిరి. ఆ మొక్కు తాత కాలంలోదైతే తాత పేరుతో మనవడూ యాదగిరే. పెద్ద యాదగిరి, చిన్న యాదగిరి, కరెంటాఫీసు యాదగిరి, పాల యాదగిరి. వీళ్లలో ఎవరికీ తాము కొండలమన్న సంగతి పట్టదు, పట్టనక్కర్లేదు కూడా. మనుషులు ఎంత తెలివైనవాళ్లో చూడండి, వీలు చిక్కగానే ఆ బరువు దించేసుకున్నారు. యాదయ్యలో గిరి లేదు, యాదమ్మలో అసలే లేదు. ఉన్నదల్లా యాద, దానికో అయ్య, దానికో అమ్మ. రేషన్ కార్డులో యాదగిరి అని ఉన్నవాణ్ణి కూడా ఇంట్లో యాదయ్య అనే పిలుస్తారు, పొలం తగాదాలో మాత్రం కార్డు తీసి యాదగిరి అంటారు. కాగితం అడ్డు వస్తే తప్ప గిరి బయటికి రాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ప్రశ్న వేసినవాళ్లే నా వాదనకు పని చేసిపెట్టారు.

ఇక భక్తి. గుట్ట అంటే మోటుగా ఉంది, అద్రి అంటే గంభీరంగా ఉంటుందని ఎవరికో తోచింది. 2015లో యాదాద్రి అన్నారు. 2024లో మళ్లీ యాదగిరిగుట్టే అన్నారు. ఈ రాకపోకల్లో బాగుపడింది బోర్డులు రాసే పెయింటర్లు. మధ్యలో పుట్టిన జిల్లా మాత్రం అద్రిని అలాగే అట్టిపెట్టుకుంది. కొన్ని వందల ఏళ్లుగా జనం నోట నలిగిన మాట మోటు ఎందుకైందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దేవుడే గుట్ట మీద ఉండటానికి నామోషీ పడలేదు.

హాస్యానికేం గానీ, పేర్లలో కొండలు పెరుగుతున్న ఈ కాలంలోనే నేల మీద కొండలు తరిగిపోతున్నాయి. కరీంనగర్ వైపు గ్రానైటు గుట్టల్ని దిమ్మెలు దిమ్మెలుగా కోసి రేవులకు పంపించారు. అవి ఓడలెక్కి చైనా దాకా వెళ్లాయి. హైదరాబాదు చుట్టూ ఎన్నో గుట్టలు కంకరై మన స్లాబుల్లోనే ఉన్నాయి. ఉన్న బండల్ని పేల్చి చదును చేసి, ప్లాట్లు గీసి, ముందు ఆర్చి కట్టి దాని మీద ఫలానా హిల్స్ అని రాయిస్తున్నారు. ఒకప్పుడు మేకలు ఎక్కిన చోటు అది. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ల పిల్లలు తమ చిరునామాలో కొండ ఎందుకుందని అడిగితే చూపించడానికి రాయి కూడా మిగల్లేదు.

యాదగిరిగుట్ట మాత్రం గుడి పుణ్యమా అని ఇంకా నిలిచి ఉంది. కాబట్టి జిల్లాలకు పేర్లు పెట్టే పెద్దలకు మనవి, ఉన్న కొండకు ఒక్క మాట చాలు. నమ్మకపోతే ఉప్పల్‌లో బస్సెక్కి ‘గుట్ట’ అని చూడండి. కండక్టర్ ఏ గుట్టని అడగడు, టికెట్టు కొడతాడు.